గాలిని తూచే తీగ

పోయిన వేసవిలో మా కారుకు ఆయాసం పట్టుకుంది. చదును రోడ్డు మీద ఏ రోగమూ లేనట్టే నడిచేది. విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రం యాక్సిలరేటర్ ఎంత తొక్కినా మూలుగుతూ ఎక్కేది. వెనక బస్సువాడు హారన్ కొడుతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. 1.8 లీటర్ల పెట్రోలు ఇంజిను, పదేళ్లు దాటిన బండి. వయసైపోయిందిలే అని సర్దుకుపోయేవాణ్నే గానీ, ఓ రోజు డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ పసుప్పచ్చగా వెలిగి, ఇక ఆరలేదు.

దగ్గర్లో ఉన్న ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు స్కానర్ తగిలించారు. పీ0171 అనే కోడ్ పడింది. సిలిండర్లలోకి వెళ్తున్న మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని దానర్థం. మెకానిక్‌లు ‘లీన్’ అంటారు. ఈ సంగతి పసిగట్టి చెప్పేది పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సార్. “సెన్సార్ పోయిందండీ, మార్చేద్దాం” అన్నారు. మార్చారు. బిల్లు వేలల్లో వచ్చింది. నాలుగు రోజుల తర్వాత అదే దీపం, అదే కోడ్, ఫ్లైఓవర్ మీద అదే మూలుగు.

దొంగా దొంగా అని అరిచినవాణ్నే పట్టుకుని చెట్టుకు కట్టేసినట్టయింది మా వ్యవహారం. అసలు దొంగ ఇంజిన్‌కు రెండో కొసన ఉన్నాడు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే, గాలి గొట్టంలో, బొటనవేలంత ప్లాస్టిక్ ముక్కలో. దాని పూర్తి పేరు మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్. షెడ్లలో పొట్టిగా ‘మాఫ్’ అంటారు. ఇంజిన్‌లోకి పోయే గాలిని తూచడం దాని ఉద్యోగం. మా బండిలో అది కొన్నాళ్లుగా తూకంలో మోసం చేస్తోంది.

కారు పెట్రోలుతో నడుస్తుందని అంటాం గానీ, బరువు లెక్కన చూస్తే అది తినేదంతా గాలే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలోకు కాస్త తక్కువ తూగుతుంది కాబట్టి, లీటరుకు దాదాపు 11 కిలోల గాలి. మన ఎండాకాలపు గాలి ఘనపు మీటరుకు 1.15 కిలోలు తూగుతుందనుకుంటే అది తొమ్మిదిన్నర వేల లీటర్లు. పొడవూ వెడల్పూ ఎత్తూ పదేసి అడుగులున్న గదిని ఊహించుకోండి. ఆ గదిలో ఉన్న గాలి మొత్తం కలిపి మూడు లీటర్ల పెట్రోలుకు సరిపోతుంది, అంతే.

ఈ 14.7 దగ్గర అంత పట్టుదల ఎందుకంటే, కారణాలు రెండు వైపులా ఉన్నాయి. గాలి మరీ ఎక్కువైతే మంట సరిగా అంటుకోదు, మిస్సింగ్ వస్తుంది, బలం పడిపోతుంది. పెట్రోలు ఎక్కువైతే మైలేజీ పోతుంది, సైలెన్సర్ నల్లబారుతుంది. వీటికి తోడు పొగగొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్ అనే పెద్దమనిషి ఒకడున్నాడు. కార్బన్ మోనాక్సైడ్, కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఈ మూడింటినీ ఆయన ఒకేసారి శుభ్రం చేయాలంటే గాలి-పెట్రోలు పాళ్లు ఆ అంకె చుట్టూ చాలా సన్నటి హద్దులో ఉండాలి. ఇటు జరిగితే ఒకటి తప్పించుకుంటుంది, అటు జరిగితే ఇంకోటి.

పెట్రోలును కొలిచి పోయడం కష్టమేమీ కాదు. పంపు ఇచ్చే ఒత్తిడి తెలుసు, ఇంజెక్టర్ రంధ్రం తెలుసు. ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉంచితే ఎంత పడుతుందో కంప్యూటరుకు తెలుసు. గాలిని మాత్రం ఎవరూ కొలిచి పోయరు. పిస్టన్ కిందికి దిగగానే ఏర్పడిన ఖాళీలోకి అది తనంతట తాను చొరబడుతుంది. ఎంత చొరబడుతుందన్నది మీ కాలు యాక్సిలరేటర్‌ను ఎంత నొక్కింది, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది, బయట ఎండెంత, మీరున్న ఊరు ఎంత ఎత్తులో ఉంది అన్నవాటన్నిటి మీదా ఆధారపడుతుంది. కార్బొరేటర్ రోజుల్లో ఈ లెక్క ఎవరూ వేయలేదు. ఇరుకు గొంతులోంచి దూసుకుపోయే గాలే తనకు కావలసిన పెట్రోలును పీల్చుకునేది. అంతా ఉజ్జాయింపు. చలికాలం పొద్దున్నే అంబాసిడర్ చోక్ లాగి బతిమాలుకున్నవాళ్లకు ఆ ఉజ్జాయింపు సంగతి బాగా తెలుసు. ఇంజెక్షన్ వచ్చాక కంప్యూటరుకు ఉజ్జాయింపు చాలదు. ఈ క్షణాన సెకనుకు ఎన్ని గ్రాముల గాలి లోపలికి పోతోంది? అంకె కావాలి.

చిన్న కార్లలో చాలావరకు ఈ అంకెను దొడ్డిదారిన రాబడతాయి. ఇంటేక్ మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి ఎంతుందో ‘మ్యాప్’ అనే సెన్సార్ చెబుతుంది. దానికి ఉష్ణోగ్రతా, ఇంజిన్ వేగమూ కలిపి, గాలి ఇంత ఉండి ఉంటుందని కంప్యూటరు లెక్క కడుతుంది. చౌక, మొండి ఏర్పాటు. కాబట్టి ఇది చదివి మీరు బానెట్ ఎత్తి మాఫ్ కోసం వెతికితే కనబడకపోవచ్చు. కంగారు పడకండి. రెండో దారి, వచ్చే గాలిని నేరుగా తూచేయడం.

జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1973లో తెచ్చిన ఎల్-జెట్రానిక్ పద్ధతిలో గాలి గొట్టంలో ఒక స్ప్రింగు తలుపు ఉండేది. గాలి నెట్టినకొద్దీ తలుపు తెరుచుకుంటుంది, ఎంత తెరుచుకుందో చూసి కంప్యూటరు గాలిని అంచనా వేస్తుంది. బాగానే పనిచేసింది గానీ, ఆ తలుపు చెప్పేది బరువు కాదు. విశాఖ బీచ్ దగ్గర పీల్చిన లీటరు గాలీ, దాదాపు 900 మీటర్ల ఎత్తున అరకులో పీల్చిన లీటరు గాలీ ఒకటి కావు. వేడి రెండు చోట్లా ఒకటే అనుకున్నా, అరకు గాలి సుమారు పదో వంతు పలచన. పెట్రోలు కాలడానికి కావలసింది ఆక్సిజన్ అణువులు. వాటి సంఖ్య లీటర్లలో దొరకదు. పైగా ఆ తలుపు గాలికి తానే ఒక అడ్డం.

దీనికి జవాబు భౌతికశాస్త్రంలో అప్పటికే ఆరు దశాబ్దాలుగా సిద్ధంగా ఉంది. కెనడాలో మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎల్.వి. కింగ్, గాలి వీస్తున్నచోట కాలుతున్న సన్నటి తీగను పెడితే అది ఎంత వేడి పోగొట్టుకుంటుందో 1914లోనే సూత్రం కట్టాడు. వేడి పాలు ఊదుకుని తాగే పిల్లాడికి కూడా సగం తెలిసిన విషయమే ఇది: గట్టిగా ఊదితే తొందరగా చల్లారతాయి. కింగ్ దానికి అంకె తొడిగాడు. పోయే వేడిలో కొంత భాగం స్థిరంగా ఉంటుంది, మిగతాది గాలి ప్రవాహపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. గాలి నాలుగింతలైతే ఆ రెండో భాగం రెండింతలవుతుంది.

1980ల మొదట్లో బాష్ వాళ్లే ఈ సూత్రాన్ని ఎల్‌హెచ్-జెట్రానిక్ పేరుతో కారులోకి తెచ్చారు. గాలి గొట్టంలో 70 మైక్రాన్ల ప్లాటినం తీగ, అంటే మన తలవెంట్రుక మందం. వచ్చే గాలి కంటే అది వంద డిగ్రీలకు పైగా వేడిగా ఉండేలా ఒక సర్క్యూట్ కాపలా కాస్తుంది. గాలి పెరిగితే తీగ చల్లబడబోతుంది. వెంటనే సర్క్యూట్ ఇంకాస్త కరెంటు పంపి దాని వేడిని నిలబెడుతుంది. అలా పంపిన కరెంటే గాలి కొలత. తీగ మీది వేడిని మోసుకుపోయేది గాలి అణువులే కదా. అరకులో అణువులు తక్కువ, అవి మోసుకుపోయే వేడి కూడా తక్కువ. అందువల్ల ఎత్తు లెక్క వేరే వేసుకునే పని లేకుండా తీగ దాదాపు నేరుగా బరువే చెబుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేని త్రాసు ఇది. కారు మొత్తంలో నాకు అన్నిటికంటే ముచ్చటైన వస్తువేదంటే ఇదే అంటాను.

ఆ త్రాసుకు ఒక్కటే శత్రువు, మురికి. మొదటి తరం తయారీదారులకు ఈ సంగతి తెలుసు. అందుకే ఇంజిన్ ఆపగానే తీగను క్షణకాలం పాటు సుమారు 1,000 డిగ్రీల దాకా ఎర్రగా కాల్చి, అంటుకున్నదాన్ని బూడిద చేసే ఏర్పాటు పెట్టారు. తర్వాత వచ్చిన సెన్సార్లు చాలావాటిలో తీగ బదులు పలచటి పొర మీద అచ్చువేసిన హీటరు ఉంటుంది. దానికి ముందొకటి, వెనకొకటి ఉష్ణోగ్రత కొలిచే చుక్కలు. గాలి వీచినప్పుడు ముందున్నది చల్లబడుతుంది, వెనకున్నది హీటరు మీదుగా వచ్చిన గాలికి వెచ్చబడుతుంది. ఆ తేడాను బట్టి గాలి ఎంతో తెలియడమే కాదు, ఎటు పోతోందో కూడా తెలుస్తుంది. పిస్టన్లు గుటకలు గుటకలుగా పీల్చడం వల్ల గొట్టంలో గాలి ఒక్కోసారి వెనక్కి కూడా తంతుంది మరి. తెలివైన పనే గానీ, ఇలాంటివాటిలో చాలావాటికి తమను తాము కాల్చి కడుక్కునే గుణం లేదు.

మురికి పడితే ఏమవుతుందో అర్థం కావడానికి శాలువా చాలు. ఇంట్లో తలుపులు వేసుకుని కూర్చున్నప్పుడు పలచటి శాలువా కప్పుకున్నా కప్పుకోకున్నా పెద్ద తేడా తెలియదు. డిసెంబరు తెల్లవారుజామున స్కూటర్ మీద వెళ్లేటప్పుడు ఆ శాలువాయే ప్రాణం కాపాడుతుంది. కదలని గాలి దానంతటదే ఒక దుప్పటి. అందులో శాలువా ఉనికి తెలియదు. గాలి వేగంగా కొట్టి ఆ మొదటి దుప్పటిని లాగేసినప్పుడు, వేడిని ఆపేది శాలువా ఒక్కటే అవుతుంది. తీగ మీద దుమ్ము పొర కూడా అచ్చం ఇంతే. ఇంజిన్ ఊరికే నిలబడి ఐడ్లింగులో ఉన్నప్పుడు కొలత పెద్దగా తప్పదు. గాలి ఉధృతంగా పోతున్నప్పుడు దుమ్ము వేడిని పట్టి ఉంచుతుంది, తీగ తక్కువ చల్లబడుతుంది, గాలి తక్కువగా పోతోందని అబద్ధం చెబుతుంది. చదును రోడ్డు మీద మామూలుగా ఉండి ఫ్లైఓవర్ దగ్గర మూలగడానికి మూలం ఇక్కడుంది.

మరి మాఫ్ తప్పు చెబుతోందని కంప్యూటరు నేరుగా ఎందుకు పట్టుకోలేదు? సెన్సార్ పూర్తిగా చచ్చిపోతే పట్టుకుంటుంది. వైరు తెగిందనుకోండి, సిగ్నల్ సున్నాకు పడిపోతుంది, పీ0102 అనే కోడ్ వస్తుంది. (రాత్రుళ్లు బయట నిలిపే బండ్లలో ఎలుకలు వైర్లు కొరికితే వచ్చేది చాలాసార్లు ఇలాంటి కోడే.) అప్పుడు కంప్యూటరు ఆ సెన్సార్‌ను పక్కనపెట్టి, తన దగ్గరున్న పాత పట్టికల సాయంతో బండిని ఎలాగో ఇంటికి చేరుస్తుంది. నూటికి పదిహేను తక్కువ చెప్పే సెన్సార్‌తోనే చిక్కు. అది చెప్పే అంకె నమ్మదగ్గ అంకెలాగే ఉంటుంది. దాని మాట పట్టుకుని కంప్యూటరు పెట్రోలు తగ్గించి పోస్తుంది. పోసిన పెట్రోలుకు మించి గాలి ఉందని చివర్లో ఆక్సిజన్ సెన్సార్ గొడవ చేస్తుంది.

ఆ గొడవ విని కంప్యూటరు చేసే సవరణకు ఫ్యూయల్ ట్రిమ్ అని పేరు. పెళ్లి వంటల్లో సాంబారు కొలతలు కాగితం మీద రాసి ఉన్నా, పెద్ద వంటవాడు గరిటెడు అరచేతిలో పోసుకుని రుచి చూసి ఉప్పు కలుపుతాడు కదా, అలాంటిది. మాఫ్ చెప్పినదాని ప్రకారం పోసింది చాలలేదని తేలితే ట్రిమ్ ప్లస్‌లోకి వెళ్తుంది. ఎక్కువైందని తేలితే మైనస్‌లోకి. ప్లస్ పది, మైనస్ పది శాతం లోపు ఉంటే సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. ఇరవై, పాతిక దగ్గరకు పోయి అక్కడే కూర్చుంటే కంప్యూటరు దీపం వెలిగిస్తుంది. అంటే పీ0171 అనేది ఆక్సిజన్ సెన్సార్ మీద ఫిర్యాదు కాదు, ఆక్సిజన్ సెన్సార్ ఇచ్చిన ఫిర్యాదు. ఇంకో మెలిక ఉంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా ఇంజిన్లు ఈ రుచి చూడడం ఆపేసి, మాఫ్ చెప్పిన అంకెనూ తాము నేర్చుకున్న పాత సవరణనూ నమ్ముకుని పోస్తాయి. అంకే తప్పైతే, బలం కావలసినచోటే పెట్రోలుకు కరువు.

రెండోసారి బండిని ఆటోనగర్ తీసుకెళ్లాను. పాతికేళ్లుగా అక్కడ షెడ్డు నడుపుతున్న మేస్త్రి ఒకాయన కోడ్ చదివి, దాన్ని పట్టించుకోనట్టే పక్కన పెట్టారు. “కోడ్ చూసి సామాను మార్చకూడదండీ. లైవ్ డేటా చూడాలి” అంటూ ఫిల్టర్ అట్టపెట్టె మీద మూడు అంకెలు రాసుకున్నారు. ఐడ్లింగులో ట్రిమ్ ప్లస్ 8. నిలబెట్టి 2,500 ఆర్‌పీఎం దాకా రేస్ ఇస్తే ప్లస్ 14. గన్నవరం వైపు హైవే మీద బరువుగా లాగుతున్నప్పుడు ప్లస్ 23.

ఈ మూడు అంకెలే సగం కేసు తేల్చేశాయి. లీన్ కోడ్‌కు మామూలుగా ముగ్గురు అనుమానితులు. మొదటిది దొంగగాలి: మాఫ్ దాటాక ఎక్కడో రబ్బరు హోస్ పగిలో, క్లాంపు వదులైపోయో, తూకం వేయని గాలి లోపలికి దూరడం. రెండోది పెట్రోలు సరఫరా: పంపు నీరసించడం, ఫిల్టర్ మూసుకుపోవడం. మూడోది మాఫ్. ఇందులో దొంగగాలి గుణం వేరు. మా ఇంజిన్ ఐడ్లింగులో పీల్చేది సెకనుకు మూడు గ్రాముల లోపు. చిల్లులోంచి అర గ్రాము దూరినా, ఆ మూడింటిలో అది పెద్ద వాటా. హైవే మీద పాతిక గ్రాములు పోతున్నప్పుడు అదే అర గ్రాము లెక్కలోకి రాదు. పైగా యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ లోపలి పీల్పు తగ్గి చిల్లులోంచి వచ్చేది ఇంకా తగ్గుతుంది. కాబట్టి దొంగగాలి ఉంటే ట్రిమ్ ఐడ్లింగులో ఎక్కువగా ఉండి, వేగం పెరిగేకొద్దీ తగ్గాలి. మాది తల్లకిందులు. మొదటి అనుమానితుణ్ని వదిలేయొచ్చు.

మిగిలిన ఇద్దరి పోలికా ఒకటే. పంపు నీరసించినా, మాఫ్ మురికిపట్టినా, ఇంజిన్ ఎక్కువ అడిగినప్పుడే లోటు బయటపడుతుంది. చాలాచోట్ల ఇక్కడే నాణెం ఎగరేస్తారు. నాణెం తప్పు పడితే వెనక సీటు ఎత్తి, ట్యాంకులోంచి పంపు బయటికి లాగి, కొత్తది వేసి, మళ్లీ అదే దీపం చూడాలి. మేస్త్రి నాణెం ఎగరేయలేదు. జేబులోంచి పెన్ను తీశారు.

ఆయన వేసిన లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు వేయగలిగేదే. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి తన కడుపునిండా గాలి పీల్చుకుంటుంది. మా ఇంజిన్ కడుపు 1.8 లీటర్లు. 4,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 2,000 సార్లు, అంటే 3,600 లీటర్లు. లీటరు గాలి 1.15 గ్రాములు. నిమిషానికి 4,140 గ్రాములు, సెకనుకు 69. ఏ ఇంజినూ కడుపు నిండా పీల్చదు. ఫిల్టరూ గొట్టాలూ వాల్వులూ కొంత అడ్డుకుంటాయి. మామూలు పెట్రోలు ఇంజిన్ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు నూటికి ఎనభై నుంచి తొంభై దాకా నిండుతుందని వేసుకుంటే, 55కూ 62కూ మధ్య రావాలి. ఖాళీగా ఉన్న రోడ్డు చూసి, రెండో గేరులో యాక్సిలరేటర్ నేలకు ఆనించి, 4,000 దగ్గర మాఫ్ ఏం చెబుతుందో స్కానర్‌లో రికార్డు చేశాం. 50.

ఈ 50 ఒక్కటే చూసి మాఫ్ దొంగ అనడానికి లేదు. ఇక్కడే నాకు ఆయన తెలివి కనబడింది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, సైలెన్సర్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ కరిగి దారికి అడ్డుపడినా, ఇంజిన్ నిజంగానే తక్కువ పీలుస్తుంది. మాఫ్ ఆ తక్కువను నిజాయితీగా చెబుతుంది. అయితే అప్పుడు పెట్రోలు కూడా దానికి తగ్గట్టే పడుతుంది కాబట్టి ట్రిమ్ పెరగదు. బండికి బలం తగ్గుతుంది, అంతే. పంపు నీరసిస్తే మాఫ్ అంకె 55 దాటి సరిగానే ఉండి, ట్రిమ్ మాత్రం పెరుగుతుంది. మా బండిలో అంకె తక్కువ, ట్రిమ్ ఎక్కువ. రెండూ ఒకేసారి అలా ఉండాలంటే గాలి నిజంగా పోతోంది, తూకమే తప్పు. ఒక్క స్క్రూ విప్పకుండా, వెయ్యి రూపాయల సామాను కొనకుండా ఈ తీర్పు వచ్చింది.

కొందరు మెకానిక్‌లకు ఇంతకంటే దగ్గరి దారి ఒకటుంది: మాఫ్ కనెక్టరు పీకేసి బండి నడిపి చూడడం. కంప్యూటరు పాత పట్టికల మీదికి మారిపోతుంది. బండి ముందుకంటే బాగా లాగితే సెన్సార్ చెడిందని అంటారు. రోడ్డు పక్కన ఇబ్బందిలో ఉన్నప్పుడు పనికొచ్చే చిట్కాయే. కానీ ఇది అన్ని బండ్లలో ఒకేలా ఉండదు, కొన్ని మొండికేస్తాయి, పైగా కొత్త కోడ్ ఒకటి నమోదవుతుంది. స్క్రూడ్రైవర్ పిడితో సెన్సార్ మీద మెల్లగా తట్టి చూసేవాళ్లూ ఉన్నారు. తట్టినప్పుడల్లా ఇంజిన్ తడబడితే లోపల టంకం ఊడిందనో, కనెక్టరు వదులైందనో అర్థం. ఆ జబ్బుకు స్ప్రే పనిచేయదు.

డీజిల్ బండ్లలో ఈ కథ కాస్త వేరు. అక్కడ మాఫ్ అంకెతో చేసే ముఖ్యమైన పని, పొగలో కొంత భాగాన్ని తిరిగి సిలిండర్లలోకి పంపే ఈజీఆర్ వాల్వును అదుపు చేయడం. నల్లపొగ రాకుండా డీజిల్‌కు పైహద్దు పెట్టేది కూడా చాలావాటిలో ఇదే అంకె. మాఫ్ గాలి తక్కువని చెబితే కంప్యూటరు డీజిల్ కోసేస్తుంది. టర్బో పోయిందని వేలకు వేలు ఖర్చు చేసే ముందు ఈ చిన్న ముక్కను చూడడం మంచిది.

మేస్త్రి రెండు స్క్రూలు విప్పి సెన్సార్ బయటికి తీశారు. టార్చి వేసి చూస్తే, గవాక్షంలాంటి చిన్న సందులో తీగ మీద బూడిదరంగు నూగు కనబడింది. అంతే, చిటికెడు కూడా ఉండదు. నేను వేలు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. “దూది పుల్ల కూడా తగలకూడదు సార్. తెగితే కొత్తదే.” కంప్రెసర్ గాలి కొట్టడం కూడా ఆయన ఒప్పుకోరు. ఆ ఒత్తిడికి తీగ నిలవదు. కార్బొరేటర్ శుభ్రం చేసే స్ప్రే వాడితే ప్లాస్టిక్ దెబ్బతింటుంది, జిగురు మిగులుతుంది. దీనికోసమే అమ్మే, ఆరాక ఏ మరకా మిగల్చని స్ప్రే ఉంటుంది. చల్లారిన సెన్సార్ మీద అది పది పన్నెండుసార్లు కొట్టి, పావుగంట ఆరబెట్టారు. పాత సవరణలు మర్చిపోయేలా కంప్యూటరు జ్ఞాపకం చెరిపారు. మళ్లీ అదే రోడ్డు, అదే గేరు, అదే 4,000.

ఈసారి 58. హైవే మీద పాతిక కిలోమీటర్లు తిప్పాక ట్రిమ్ 6 దగ్గర నిలబడింది. ఫ్లైఓవర్ సంగతి చెప్పనక్కర్లేదు, మా ఆవిడే గమనించింది.

నాకు మాత్రం ఆ 6 నచ్చలేదు. 50 నుంచి 58కి అంటే కొలత 16 శాతం పెరిగింది. సున్నాకు రావలసిన ట్రిమ్ 6 దగ్గర ఎందుకు ఆగింది? దానికి సమాధానం మన పెట్రోలు బంకులో ఉంది. దేశంలో 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ముందే ఉంటుంది. అందుకే దానికి బయటి గాలి తక్కువ చాలు: కిలో ఇథనాల్‌కు సుమారు 9 కిలోలే. ఐదో వంతు ఇథనాల్ కలిసిన పెట్రోలుకు లెక్క 14.7 నుంచి పదమూడున్నర దగ్గరికి దిగుతుంది. ఉన్న గాలికి ఇంకాస్త ఎక్కువ ఇంధనం పోయాలన్నమాట. మా బండి పుట్టేనాటికి ఈ పెట్రోలు లేదు, దాని కంప్యూటరు పాత లెక్కతోనే పోసి, రుచి చూసి కొసరు వేస్తోంది. ఆ కొసరే ఈ నాలుగైదు, ఆరు శాతం. ఏ సెన్సారూ చెడకపోయినా పాత బండ్లలో ఇంత కనబడడం మామూలే. ఇది తెలియక ఆ 6ను వెంటాడుతూ పోతే ఇంకో సామాను మార్చాల్సి వచ్చేది. ప్లస్ 23లో కూడా దీని వాటా ఉంది. మాఫ్ పాపం మిగతాది.

శుభ్రం చేసినా అంకె మారకపోతే సెన్సార్ మార్చక తప్పదు. అప్పుడు బజారులో దొరికే చౌక డూప్లికేటు జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం. కొలత సరిపోల్చని త్రాసు కొత్తదైతే ఏం లాభం? కొత్తది వేసినా అదే 4,000 దగ్గర అదే లెక్క వేసి చూసుకోవచ్చు.

మురికి ఎలా చేరిందో తేలకుండా మేస్త్రి బండి ఇవ్వలేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూతకు నాలుగు క్లిప్పులుండాలి. మూడే ఉన్నాయి. నాలుగో మూల మూత బియ్యపుగింజంత లేచి ఉంది. ఆ సందులోంచి వడపోయని రోడ్డు దుమ్ము నేరుగా తీగ మీదికి వెళ్తోంది. ఎప్పుడో సర్వీసింగ్‌లో ఊడిన క్లిప్పు అయి ఉంటుంది. పక్క వీధిలో పాత సామాను కొట్టు నుంచి కుర్రాడితో ఒకటి తెప్పించి బిగించారు.

బయల్దేరబోతూ అడిగాను, మొదట మార్పించిన పాత ఆక్సిజన్ సెన్సార్ సంగతేమిటని. డిక్కీలోనే పడి ఉందది. ఆయనకూ సరదా పుట్టినట్టుంది. పొగగొట్టం చల్లారేదాకా ఆగి, కొత్తది విప్పి పాతది బిగించి స్టార్ట్ చేయించారు. వేడెక్కాక ఒక చిన్న వ్యాక్యూమ్ పైపు పీకారు. గాలి ఎక్కువైంది, స్కానర్‌లో గీత 0.1 వోల్టుకు పడిపోయింది. పైపు పెట్టేసి గట్టిగా ఒక రేస్ ఇచ్చారు. గీత 0.9కి లేచింది. మళ్లీ పైపు, మళ్లీ రేస్. ఒక్కసారీ తడబడలేదు.

“దీనికేం రోగం లేదండీ” అన్నారు. పాతదాన్నే ఉంచేశాం. వేలు పోసి కొన్న కొత్తది డిక్కీలో, దాని అట్టపెట్టెలోనే ఉంది.